పర్మినెంటు కాని జ్యామితి

ఆ ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు నా కోసం ప్రార్థన మొదలుపెట్టారు. నేను కళ్ళు మూసుకుని, ఆయన మాటల వెంట మనసులోనే నడుస్తున్నాను. "ప్రభువా, ఈ కొండల మధ్య నీవు పెంచిన ఈ బిడ్డకు విశాఖపట్నం యూనివర్సిటీలో చోటు చూపించినందుకు స్తోత్రం" అన్నారు. అందరం స్తోత్రం అన్నాం. "నీకు అసాధ్యమైనది ఏదీ లేదు గనుక, ఆ కాంట్రాక్టు పనిని త్వరలోనే పర్మినెంటు చేయుము తండ్రీ!" అన్నారు.

నా కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. సంఘమంతా "ఆమేన్" అంది. అందరికంటే గట్టిగా అన్నది మా అత్త. పక్క వరసలో మా నాన్న భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నాడు.

నాకు దొరికింది కాంట్రాక్టు పని కాదు. కాంటాక్ట్ జామెట్రీ అనే గణితంలో పరిశోధన సీటు. తెలుగులో స్పర్శ జ్యామితి అనవచ్చు. నాకు గైడుగా ఉండడానికి ఒప్పుకున్న మేడమ్ ఆ వారం ఫోన్ చేసినప్పుడు నేను కాఫీ పళ్ళు ఆరబోసిన కళ్ళంలో ఉన్నాను. మా ఇంటి దగ్గర సిగ్నల్ ఆ కళ్ళం మూలనే దొరుకుతుంది, అదీ అరిచి మాట్లాడితేనే. "కాంటాక్ట్ మేడమ్! కాంటాక్టే కావాలి నాకు! ఈ సోమవారం కాదు, ఆ పై సోమవారం జాయినవుతాను!" అని నేను అరుస్తుంటే అత్త పళ్ళు తిరగేస్తూ వింటోంది. మన వైపు ఆ శబ్దానికి దగ్గరగా ఉన్న మాట ఒకటే ఉంది. కాంట్రాక్టు టీచరు, కాంట్రాక్టు నర్సు, కాంట్రాక్టు లైన్‌మన్. పార్వతీపురం ఆఫీసుల చుట్టూ తిరిగే వాళ్ళలో ఎక్కువమంది ఆ మాట మీదే తిరుగుతుంటారు. అత్త విన్నది అదే. విన్నది విన్నట్టు పాస్టరుగారికి చేరవేసింది.

ఆమెకు ఆ మాటంటే ఎందుకంత భయమో చెప్పాలి. అత్త మా నాన్నకు అక్క. నా చిన్నప్పుడే అమ్మ ప్రభువు దగ్గరకు వెళ్ళిపోతే నన్ను పెంచింది తనే. అంతకు ముందు కొండ కింద ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా ఉండేది, కాంట్రాక్టు మీద. ఏటేటా "ఈసారి పర్మినెంటు" అనేవారట. చివరికి ఒక వేసవి సెలవుల తర్వాత వెళితే వంటగదిలో ఇంకెవరో ఉన్నారు. ఆమె ఆ సంగతి ఎప్పుడూ ఏడుస్తూ చెప్పలేదు, నవ్వుతూనే చెప్పేది. కానీ కాంట్రాక్టు అన్న మాట ఎవరి నోట విన్నా చేతిలో పని ఆపేసేది.

చర్చి నుంచి ఇంటికి నడుస్తుంటే తీర్పు చెప్పేసింది.

"పర్మినెంటు కాయితం సేతికొచ్చాక ఎల్లు. అందాకా ఎల్లకు."

"రేపు కాక పై సోమవారం జాయినవ్వాలత్తా."

"ఏ సోమవారం? సోమవారాలు సానా ఉన్నాయి."

"అది కాంట్రాక్టు కాదత్తా, కాంటాక్టు."

"అదే నానూ అంటన్నాను."

నాన్న వెనకనుంచి అందుకున్నాడు. "అక్కా, నీ మూలంగా ఇయ్యాల దేవుడు కూడా తప్పు ఫైలు తీసుంటాడు."

"నువ్వు నోర్ముయ్‌రా తమ్ముడా! దాన్ని సదువు సదువు అని పాడు సేసింది నువ్వే."

అది నిజమే, పాడు చేయడం తప్ప. నాన్న డొంకరాయి పవర్‌హౌస్‌లో పని చేసేవాడు. అక్కడి క్వార్టర్లలో అత్త చేతుల మీద పెరిగాను, నాన్న రిటైరయ్యాకే ఈ ఊరు తిరిగొచ్చాం. చిన్నప్పుడు నాకు ఆయాసం ఎక్కువ, బడికి పంపితే సగం రోజులు మోసుకుని రావాల్సి వచ్చేది. అందుకని నాన్నే ఇంట్లో చదువు చెప్పాడు. పొద్దున బైబిలు, తర్వాత లెక్కలు, అన్నం ఉడుకుతుండగా సైన్సు. మా ఇంటికి మొదటి కుక్కర్ వచ్చినప్పుడు అది విజిల్ వేయగానే అత్త పెరట్లోకి పరుగెత్తింది. నాన్న మాత్రం నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, లోపల ఏముందో చూడకుండానే లోపలి సంగతి ఎలా చెప్పవచ్చో వివరించాడు. వేడి ఎంత, ఒత్తిడి ఎంత, ఆవిరి ఎంత చోటు ఆక్రమించింది. ఈ మూడూ ఎవరికి వారు కాదు, ఒకటి కదిలితే మిగతావి కదులుతాయి అన్నాడు. ఇప్పటికీ కృతజ్ఞతతో తల వంచినప్పుడల్లా ఆ కుక్కర్ నాకు గుర్తొస్తుంది. ఓపెన్ స్కూల్లో పరీక్షలు రాసి, డిగ్రీ, ఎమ్మెస్సీ దూరవిద్యలో పూర్తి చేసి, ఇంత దూరం వచ్చింది ఆ పొయ్యి దగ్గరి నుంచే.

నాన్న ఒప్పుకుంటే చాలదా అని ఎవరైనా అడగొచ్చు. చట్టప్రకారం నేనే ఒప్పుకుంటే చాలు, పసిపిల్లనేం కాదు. కానీ మొదటి పరీక్షకు వెళ్ళినప్పటి నుంచి అత్త నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయకుండా నేను గడప దాటలేదు. ఆ చెయ్యి లేకుండా విశాఖ బస్సెక్కడం నా వల్ల కాదు. ఎక్కినా అక్కడ ఒక్క సమీకరణం కూడా నా వైపు చూడదు. అది నాకు తెలుసు.

ఆ వారం చివర్లో సంఘంలో కృతజ్ఞత పండుగ. అందరికీ భోజనాలు. విస్తళ్ళు కుట్టే పని మా ఇంటికి వచ్చింది. మర్నాడు సోమవారం పొద్దున్న అరుగు మీద అడ్డాకుల కట్టలు విప్పి, వెదురు పుల్లలు సన్నగా చీల్చుకుని, ముగ్గురం కూర్చున్నాం. అత్త చేతులు చకచకా పోతున్నాయి. నేను కుట్టినవి చూసి, "ఇందులో పప్పు పోత్తే పప్పు ఒళ్ళోకి వత్తాది" అని పక్కన పెడుతోంది.

"అయితే సెప్పు" అంది ఉన్నట్టుండి. "కాంట్రాక్టు కాదంటన్నావు కదా. మరేటది?"

"కాంటాక్టు. అంటే తాకడం."

"ఎవుల్ని తాకడం?" అంది అనుమానంగా.

నాన్న నవ్వుతో ఆకు చింపేశాడు.

నేను ఒక పొడుగాటి వెదురు పుల్ల తీసుకున్నాను. దాన్ని అడ్డంగా పట్టుకుని, ఆకుల నడిమి ఈనెలు పుల్ల పొడవునా వచ్చేలా వరసగా ఆకులు గుచ్చాను. మొదటి ఆకును నేలకు సమంగా ఉంచాను. రెండోదాన్ని కొంచెం వాల్చాను. మూడోదాన్ని ఇంకొంచెం.

"ఈ పుల్ల పొడవు వేడి అనుకో అత్తా. ఈ చివర చల్లన, ఆ చివర బాగా వేడి. వేడి పెరిగేకొద్దీ ఆకు వాలు పెరుగుతుంది. కుండలో శక్తి ఎంత ఉందో అది ఎత్తు. కుండలోది ఎంత చెదిరి ఉందో అది పక్కకు నడక. దాన్ని ఎంట్రోపీ అంటారు. వేడి కుండలో ఆ చెదరడం ఒక్క అడుగు పెరగాలన్నా శక్తి ఎక్కువ ఎత్తు ఎక్కాలి. చల్లటి కుండలో తక్కువ ఎక్కితే చాలు. ఏ ఆకు ఎంత వాలాలో చెప్పేదే ఉష్ణగతిక శాస్త్రంలో మొదటి నియమం."

"ఊఁ."

"ఇలాంటి పుల్లలు ఈ అరుగు నిండా, ఖాళీ లేకుండా, ప్రతి చోటా ఉన్నాయనుకో. ఇప్పుడు అన్ని ఆకులకూ అంటుకుని ఉండేలా ఒక్క పెద్ద విస్తరి కుట్టు."

అత్త ఊరికే వినే మనిషి కాదు. నిజంగానే పుల్ల అందుకుని, పక్క పక్క ఆకుల అంచులు కలపబోయింది. ఇటు కలిస్తే అటు లేచింది. అటు నొక్కితే ఇటు మడత పడింది.

"ఇక్కడ అతుకుతాది, అక్కడ లేత్తాది. ఏటిదీ, మెలి తిరిగిపోయింది!"

"అదే అత్తా ఆ మెలిక. ఎంత పెద్ద లెక్కల పండితుడికైనా ఆ విస్తరి కుట్టడం సాధ్యం కాదు. ప్రతి అడుగూ ఏదో ఒక ఆకు మీదే వేస్తూ, ఒక్క చుట్టు తిరిగి బయలుదేరిన చోటికి వద్దామని చూస్తే, రాలేం. దానికి పైన తేలతాం, లేకపోతే కింద."

అత్త పుల్ల కింద పెట్టింది. "పాచిపెంట దాటాక ఆ ఘాటీ రోడ్డు నేదేటి, అలగన్నమాట. బస్సు తిరిగి తిరిగి అదే సోటికి వచ్చినట్టుంటాది, కిటికీలోంచి సూత్తే మొదలెట్టిన రోడ్డు కాళ్ళ కింద ఉంటాది."

"అచ్చం అలాగే!" అన్నాను. నాకు ఎంత సంతోషమైందంటే చేతిలో ఆకులు పడేసి చప్పట్లు కొట్టాను.

"మరి కుట్టలేనిదాంతో ఏటి పని మీకు?"

అప్పుడు గోనె పురికొస ముక్క ఒకటి తీసుకుని ఆకుల మీదుగా పోనిచ్చాను. ఏ ఆకునీ చీల్చకుండా, ఏ ఆకు మీదినుంచీ లేవకుండా, ఒరుసుకుంటూ.

"విస్తరి కుదరదు గానీ దారం కుదురుతుంది. నీటికి ఒక దారం. నూనెకు ఒక దారం. నెయ్యికి ఒకటి. ప్రతి వస్తువూ తనకున్న దారం మీదే వేడెక్కుతుంది, చల్లారుతుంది. ఆకును తాకుతూ పోతుంది కాబట్టే స్పర్శ. అసలు లెక్కలో ఒత్తిడి, చోటు కూడా కలిపితే ఐదు దిక్కులుంటాయి, అప్పుడు దారం బదులు చిన్న గుడ్డ వస్తుంది. నా పని ఏమిటంటే, ఆ ఐదు దిక్కుల్లో దూరం కొలవడానికి ఒక కొలబద్ద తయారు చేయడం. నీళ్ళు మరిగే చోట ఆ కొలబద్ద ఏం చేస్తుందో చూడడం."

నాకు ఈ విషయంలో ఏది నచ్చిందో ఆ రోజు అత్తకు పూర్తిగా చెప్పలేకపోయాను. ఇక్కడ రాసుకుంటాను. ఆకుల అమరిక ఏ వస్తువు పేరూ ఎత్తదు. నీటికి, ఇనుముకు, నక్షత్రంలో మండే వాయువుకు అదే అమరిక. అది ఎవరికీ దారి గీసి ఇవ్వదు, ఏ దారైనా ఎలా ఉండాలో మాత్రం చెబుతుంది. మొదటిసారి ఇది అర్థమైన రోజున పుస్తకం మూసి, కాసేపు ఊరికే కూర్చుని స్తోత్రం చెప్పుకున్నాను. సృష్టికర్త ఇంత నెమ్మదస్తుడా అనిపించింది.

అత్త పురికొసను అటూ ఇటూ లాగి చూసింది. ఆమె ముఖం విప్పారింది.

"అంటే ఇది లెక్క! కాంట్రాక్టు కాదు!"

"కాదత్తా."

"ఓలమ్మో, ఆ మాట ముందే సెప్పొచ్చు కదే గుంటా! స్తోత్రం! ఒరే తమ్ముడా, కోడిని కొయ్యాలి."

లేచి పెరట్లోకి వెళ్ళింది. మా ఎర్ర పెట్ట మహా జాణ. దాని వెనక అత్త, వాళ్ళిద్దరి వెనక నేను, కాఫీ మొక్కల మధ్య రెండు చుట్లు తిరిగాం. చివరికి కోడి రెక్కలు అత్త చేతికి చిక్కాయి. ఆయాసపడుతూ, నవ్వుతూ, దాన్ని చంకలో ఇరికించుకుని అడిగింది.

"అయితే పర్మినెంటేనన్నమాట."

ఆ క్షణం దాకా ఆ మాట నాకే తట్టలేదు. కాంటాక్టుకూ కాంట్రాక్టుకూ మధ్య ఉన్న తేడా నిరూపించే సరదాలో అసలు సంగతి మరిచిపోయాను. పరిశోధన సీటు కొన్నేళ్ళదే. ఏటేటా కమిటీ ముందు కూర్చోవాలి, వాళ్ళు సరేనంటేనే ఫెలోషిప్పు మరో ఏడాది. అది అయిపోయాక ఉద్యోగం ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

"లేదత్తా" అన్నాను. "కొన్నేళ్ళే. ఏటేటా రెన్యువల్."

"రెన్యువలా" అంది అత్త.

ఆమె చెయ్యి ఎప్పుడు సడలిందో తెలియదు. కోడి కిందికి దూకి, రెక్కలు దులుపుకుని, కంచె కిందనుంచి పక్కింటి వాళ్ళ దొడ్లోకి పోయింది. అత్త దాని వైపు చూడను కూడా లేదు. లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఆ పూట మాకు చింతపండు చారు.

ఆ తర్వాత రోజులు ఇంట్లో మాటలకు లోటు లేదు గానీ, ఆ ఒక్క మాట మాత్రం ఎవరం ఎత్తలేదు. నాన్న ఒకసారి మొదలుపెట్టబోయాడు.

"అక్కా, ఆ సీటు..."

"కాఫీ పళ్ళు మబ్బుకి తడుత్తాయి. తార్పాలిన్ కప్పరా."

మబ్బు ఎక్కడా లేదు. నాన్న వెళ్ళి తార్పాలిన్ కప్పాడు.

నేను రోజూ ప్రార్థనలో అడగడానికి కూర్చుని, ఏమడగాలో తెలియక కృతజ్ఞతలు చెప్పి లేచేదాన్ని. చెప్పడానికి చాలానే ఉండేవి. ఆయాసం తగ్గిన గుండెకు, కళ్ళం మూలన దొరికే సిగ్నల్‌కు, ఎవరో తెలియని ఇంటి చదువు పిల్ల పంపిన మెయిల్‌కు జవాబిచ్చిన మేడమ్‌కు. ఆ చివర అత్త పేరు వచ్చేసరికి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని.

పండుగకు రెండు రోజుల ముందు ఇద్దరం కళ్ళంలో పళ్ళు తిరగేస్తున్నాం. అత్త చెక్క పారను ఆపకుండానే అడిగింది.

"నీటికో దారం ఉంటాదన్నావు."

"అవునత్తా."

"నీరు మరిగి ఆవిరైపోతే ఆ దారం తెగిపోద్దా?"

"తెగదు. నీళ్ళు దారం మీద ముందుకు వెళ్ళాయంతే. చల్లారితే మళ్ళీ వెనక్కి వస్తాయి. కదిలేది నీళ్ళే, దారం అక్కడే ఉంటుంది."

"ఊఁ" అంది. పళ్ళు తిరగేసుకుంటూ కళ్ళం అవతలి చివరకు వెళ్ళిపోయింది. నేను ఆ ఊఁ కారానికి ఎన్ని అర్థాలు వెతుక్కున్నానో.

పండుగ రోజు చర్చి ముందర పందిరి వేశారు. బుట్టల్లో గుమ్మడికాయలు, రాగులు, అల్లం, కాఫీ గింజలు తెచ్చి ప్రభువు బల్ల ముందు పెట్టాం. ఆరాధన అయ్యాక భోజనాలు. వడ్డన అత్తది. పప్పు గరిటె ఆమె చేతిలో ఉంటే ఇంకెవరూ ముట్టుకోరు. వరసలో కూర్చున్న వాళ్ళలో కొండ అవతలి ఊరి నుంచి వచ్చిన ఒకామె ఉంది. చంటి పిల్లను ఒళ్ళో పెట్టుకుంది. పప్పు నోట్లో పెట్టుకుని, తల ఎత్తి అత్తను చూసింది.

"అమ్మా, నువ్వేనా? ఈ పప్పు నాకు తెలుసు."

అత్త గరిటె ఆపి, వంగి ఆమె ముఖంలోకి చూసింది.

"కొండ కింద హాస్టల్లో ఉండేదాన్ని. కూర నచ్చలేదని కంచం తోసేస్తే నువ్వు నెత్తి మీద మొట్టికాయేసి, నీ కోసం దాచుకున్న గుడ్డు నాకెట్టీసావు. ఇప్పుడు నాను మా ఊరి అంగన్‌వాడీలో టీచర్ని."

"నువ్వా గుంటా!" అంది అత్త. "కూరంటే మూతి ముడుసుకునేదానివి నువ్వే కదే! ఇప్పుడైనా తింటన్నావా, నేదా?"

"తింటన్నానమ్మా. నా మొగుడే తినడు."

"అయితే ఆడికీ ఒక మొట్టికాయ ఎయ్యి."

వరసంతా నవ్వింది. అత్త ఆమె విస్తరిలో ఇంకో గరిటె పప్పు పోసి, ఒళ్ళో పిల్ల బుగ్గ పుణికి, పక్క విస్తరి దగ్గరకు వెళ్ళింది. నాకు తెలిసి ఆ రోజు అందరికీ పప్పు ఒక గరిటె ఎక్కువే పడింది.

గిన్నెలు తోముతున్నప్పుడు నా పక్కన వచ్చి కూర్చుంది. బూడిద చేతులతోనే మొదలుపెట్టింది.

"నాను వొండిన అన్నం కాంట్రాక్టు అన్నమేటి?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నన్ను తీసీసినారు. నిజమే. ఆ గుంట తిన్న అన్నాన్ని తీసీగలరా? అది దాని ఒంట్లో కలిసిపోయింది. దాని పిల్ల ఒంట్లోకీ పోయింది. ఇన్నాళ్ళూ నాను నా పేరు రిజిస్టర్లో నేదనే సూసుకున్నాను గానీ, అది సూసుకోనేదే!" గిన్నె బోర్లించింది. "నువ్వెల్లు. ఎన్నేళ్ళిత్తే అన్నేళ్ళు సదువు. తీసీత్తే తిరిగి రా. కాఫీ తోటకి రెన్యువల్ అక్కర్నేదు."

నేను బూడిద చేతులతోనే ఆమెను కౌగిలించుకున్నాను. "నా కొత్త చీర!" అని అరిచింది గానీ, విడిపించుకోలేదు. పాస్టరుగారు అటుగా వస్తూ మమ్మల్ని చూసి, ఏమైందమ్మా అని అడిగారు.

"ఏం నేదు అయ్యగారూ. మీరు పర్మినెంటని సేసిన ప్రార్థన ఉంది కదా, దాన్ని కొంచెం సవరించాలి" అంది అత్త.

ఆయన నా వైపు చూశారు. నేను అంతా చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, "నేను అడిగింది అడిగేశాను, వెనక్కి తీసుకోలేను. ఏం చెయ్యాలో ఆయనే చూసుకుంటాడు" అన్నారు.

సోమవారం పొద్దున్నే మంచు దిగి రోడ్డు కనిపించడం లేదు. నాన్న నా పెట్టె మోసుకుంటూ ముందు నడిచాడు. దారి పొడవునా మా గైడు మేడమ్‌ను అడగమని ఏవో సందేహాలు చెబుతూనే ఉన్నాడు, అన్నీ ఎంట్రోపీ గురించే. బస్సు ఆగే చోటు చేరాక అత్త చెప్పులు విడిచి, నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. కాఫీ గుజ్జు వాసన వేస్తోంది.

"ప్రభువా" అంది. "ఈ గుంట పని కొన్నేళ్ళదే. నీకు తెలిసిందే, అయినా నా నోటితో నాను సెప్తన్నాను. పర్మినెంటు సెయ్యమని నాను అడగను. అయ్యగారు అడిగినారు, అది మీరూ మీరూ సూసుకోండి. ఇది ఎక్కడ పని సేత్తే అక్కడ పదిమందికి కడుపు నిండాలి. లెక్కతోనైనా సరే. ఆయాసం మళ్ళీ రాకూడదు. అక్కడ హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటాదని అందరూ అంటన్నారు, ఆ సంగతి కూడా నువ్వు..."

మంచులోంచి బస్సు హారన్ వినిపించింది. రెండు పసుపు దీపాలు మలుపు తిరిగాయి. నాన్న పెట్టె ఎత్తాడు. అత్త చెయ్యి తీయకుండానే ఒక కన్ను తెరిచి చూసింది.

"మిగతాది తరవాత సెప్తాను నీకు" అంది పైకి చూసి. తర్వాత నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఎక్కే బేగి! డ్రైవరు ఆగడు!"

ఎక్కాను. కిటికీ అద్దం మీది మంచు చేత్తో తుడిచి వెనక్కి చూశాను. నాన్న చెయ్యి ఊపుతున్నాడు. అత్త ఊపడం లేదు. రోడ్డు పక్కన గడ్డిలో ఉత్త కాళ్ళతో నిలబడి, కళ్ళు మూసుకుని, మిగతాది అప్పుడే చెప్పడం మొదలుపెట్టేసింది.